అప్‌డేట్: గాటా-1 లోపం, ఎలుక కణాల పరీక్ష గురించి

పుట్టుకతోనే రక్తహీనత, ప్లేట్‌లెట్ల కొరత ఉన్న మా అక్క కొడుకుకు, రక్తకణాల ఎదుగుదలను నడిపే గాటా-1 జన్యువులో మార్పు ఉందని తేలాక, మనుషుల జబ్బు గురించి ఎలుక కణాలు ఏం చెప్పగలవని మిమ్మల్ని అడిగాను. మీరు సూచించిన 2000 నాటి నేచర్ జెనెటిక్స్ పత్రిక వ్యాసం చదివి, అర్థమైనంత రాస్తున్నాను.

అందులో వాడిన కణాల పేరు జీ1ఈ. ఎలుక పిండ మూలకణాల్లో గాటా-1 జన్యువును పనిచేయకుండా చేసి, వాటి నుంచి ఎర్ర రక్తకణాల తొలి దశ కణాలను పెంచారు. అవి ఎదగకుండా విభజన చెందుతూనే ఉంటాయి. మంచి జన్యువును తిరిగి చేర్చినప్పుడు మాత్రం విభజన ఆపి, హిమోగ్లోబిన్‌ను కూడబెట్టుకుంటూ పరిణతి చెందుతాయి. అందువల్ల రోగిలో కనిపించిన మార్పును ఆ ఖాళీలో పెట్టి, అది పనిచేస్తుందో లేదో నేరుగా చూడవచ్చు. ఈ ఏర్పాటు నాకు ఎంతో గొప్పగా అనిపించింది.

ఆ వ్యాసంలోని కుటుంబంలో, ప్రొటీన్‌లో 205వ స్థానాన వాలిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు మెథియోనిన్ అనేది వచ్చింది. ఆ ఒక్క మార్పుతో ఫాగ్-1 అనే తోడు ప్రొటీన్‌తో బంధం దెబ్బతిని, జీ1ఈ కణాలు సరిగా ఎదగలేకపోయాయి.

మా వాడి మార్పు వేరే స్థానంలో ఉంది కనుక ఆ ఫలితాన్ని యథాతథంగా అన్వయించకూడదని డాక్టరుగారు స్పష్టంగా చెప్పారు. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంది కనుక మార్పు తల్లి నుంచి కొడుకుకు రావచ్చు. పైగా వ్యాసంలోని కుటుంబంలో గర్భస్థ శిశువులకే రక్తం ఎక్కించాల్సి వచ్చింది. అందుకే మా చెల్లెలికి పెళ్లికి ముందే క్యారియర్ పరీక్ష (తాను జబ్బు పడకున్నా ఆ మార్పును మోస్తోందేమో చూసేది) చేయిస్తున్నాం.