ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్, ఎయిట్ ఆఫ్ వాండ్స్ కలిసి పడితే ఆగమనా, కదలమనా?

నీలిదీపం
చర్చ కోసం ఒక టారో (బొమ్మల కార్డులతో జోస్యం చెప్పే పద్ధతి) ఉదాహరణ. ప్రశ్న: "చేతిలో ఉన్న పని ఇప్పుడే ముందుకు నడపాలా, కొన్నాళ్లు పక్కన పెట్టాలా?" తీసినవి రెండే కార్డులు. ఎడమన ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్ (నాలుగు కత్తులు), కుడిన ఎయిట్ ఆఫ్ వాండ్స్ (ఎనిమిది కర్రలు). రెండూ నిటారుగానే పడ్డాయి. రైడర్ వెయిట్ స్మిత్ డెక్ (ఎ.ఇ. వెయిట్ రూపకల్పన, పమేలా స్మిత్ బొమ్మలు). స్థానాలకు ముందుగా పేర్లు పెట్టలేదు. ఒకటి పడుకోమంటోంది, ఇంకోటి పరుగెత్తమంటోంది. మీరైతే ఏం చెబుతారు?

ఎనిమిదికర్రలు
ఇందులో తికమక ఏముందండీ? ఎడమ నుంచి కుడికి చదవడమే. ముందు విశ్రాంతి, తర్వాత వేగం. కొన్నాళ్లు ఆగి ఆపైన దూకమని చెబితే సరి.

పాతపేక
ఆ మాట ఎవరికైనా, ఏ పనికైనా అతుకుతుంది. చిక్కంతా అదే. ఎడమది "ముందు", కుడిది "తర్వాత" అని కార్డులు తిప్పాక మీరు కల్పించుకున్నారు. ఎడమది ప్రస్తుత పరిస్థితి, కుడిది సలహా అని ఇంకొకరు అంటే కాదనడానికి మీ దగ్గర ఆధారం లేదు. అప్పుడు జవాబు "పడుకున్నది చాలు, లేవండి" అని తిరగబడుతుంది. స్థానాల పేర్లు షఫుల్‌కు ముందే కాగితం మీద రాసుకోవాలి. రాయకపోతే ఆ రెండు కార్డులనూ ఒకే బొమ్మగా చదవాలి తప్ప, వరుస చూసి కాలం లెక్క కట్టకూడదు.

ఒకే బొమ్మగా చూస్తే ఏముంది? ఫోర్‌లో సమాధి మీద యోధుడి శిల్పం, చేతులు జోడించి ఉంది. మూడు కత్తులు గోడ మీద మొన కిందకి వేలాడుతున్నాయి. నాలుగోది సమాధి పక్కభాగాన అడ్డంగా, అతని శరీరం కిందే. ఆయుధాలు పక్కన పెట్టాడు కానీ పారేయలేదు. ఎయిట్‌లో మనిషే లేడు. కర్రలు విసిరిన చెయ్యి కూడా లేదు. అవి ఎడమ పైనుంచి కుడి కిందకి వాలుతున్నాయి, అంటే దిగుతున్నాయి. ప్రయాణం చివరికొచ్చాయని వెయిట్ తన వివరణలోనే రాశాడు. కాబట్టి దాన్ని "పరుగెత్తు" అనే ఆజ్ఞగా చదవడం నాకు నచ్చదు. ఇదివరకే పంపినవాటి ఫలితం దగ్గరపడింది, అవి నేలకు దిగేదాకా కొత్తవి విసరొద్దు. ఈ జంటకు నా చదువు ఇది.

ఎనిమిదికర్రలు
అదే వెయిట్ ఎయిట్‌కి పనుల్లో చురుకు, తొందర, పెద్ద ఆశ అని కూడా రాశాడు కదా. దిగడం ఒక్కటే పట్టుకుని అర్థం సగానికి కోసేస్తున్నారు.

తులాధనుస్సు
ఇద్దరూ బొమ్మ దగ్గరే ఆగిపోయారు. గోల్డెన్ డాన్ (టారోను జ్యోతిషంతో ముడిపెట్టిన ఇంగ్లండ్ రహస్య సంఘం) లెక్కలో ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్ తులలో గురువు, మూడో ద్రేక్కాణం (రాశిలో పది డిగ్రీల భాగం). ఎయిట్ ఆఫ్ వాండ్స్ ధనుస్సులో బుధుడు, మొదటి ద్రేక్కాణం. ఇది సాయన లెక్క (పాశ్చాత్య రాశిచక్రం). నిరయన పంచాంగం పట్టుకుని తేదీలు చూస్తే అంతా తప్పుతుంది. రెంటి మధ్య వృశ్చికం మొత్తం, 30 డిగ్రీలు ఉంది. ధనుస్సుకు అధిపతి గురువే. అంటే ఎయిట్‌లోని బుధుడు ఫోర్‌లోని గురువు ఇంట్లో ఉన్నాడు, పైగా పాశ్చాత్య లెక్కలో అది అతనికి బలమిచ్చే చోటు కాదు. వేగం విశ్రాంతి మీద ఆధారపడింది కానీ, విశ్రాంతికి వేగం అవసరం లేదు.

ఆ సంప్రదాయంలో ఫోర్ అంటే కొట్లాట ముగిశాక దొరికిన శాంతి. పని మొదలుపెట్టే ముందు కునుకు కాదు. ఎయిట్ అంటే ఒక్కసారిగా పడిన బలం, త్వరగా ఖర్చయ్యేది. కాబట్టి ఒకే ఊపులో ముగిసే ముక్క ఉంటే ముగించమనండి. ఎక్కువ కాలం నడిచే భాగాన్ని ఇప్పుడు ఎత్తుకోవద్దనండి.

మార్సేమిత్రుడు
మార్సే డెక్‌లో (పాత ఫ్రెంచి టారో కార్డులు) పడుకున్న యోధుడూ లేడు, ఎగిరే కర్రలూ లేవు. ఫోర్‌లో వంకీ కత్తులు, మధ్యలో ఒక పువ్వు, అంతే. అక్కడ మీ వాదనలు సగం రాలిపోతాయి. ఆ డెక్‌తో చదివేవాళ్లు సంఖ్య, సూటు పట్టుకునే నడవాలి.

నీలిదీపం
ఉదాహరణ రైడర్ డెక్‌దే లెండి. అప్పటికీ తేలకపోతే మూడో కార్డు తీయొచ్చా?

తులాధనుస్సు
ఒక్కటే తీయండి. అది ఏం తేల్చాలో ముందే చెప్పుకోండి. నచ్చలేదని నాలుగోది, ఐదోది లాగితే మొదటి రెండింటికీ విలువ పోతుంది. స్వోర్డ్స్ వాయువు, వాండ్స్ అగ్ని. ఇవి మిత్రులు, ఒకదాన్నొకటి అణచవు. కప్స్ పడితే నీరు నిప్పును తగ్గిస్తుంది, గాలితో దానికి పేచీ లేదు. కనుక మొగ్గు విశ్రాంతి వైపు. పెంటకిల్స్ పడితే భూమికి గాలితో పడదు, నిప్పుతో పడుతుంది. మొగ్గు కదలిక వైపు. స్వోర్డ్స్ గానీ వాండ్స్ గానీ వస్తే సొంత సూటుకే బలం. మేజర్ ఆర్కానా (సూటు లేని 22 పెద్ద కార్డులు) వస్తే దాని తత్వం చూడండి. వాటిలోని ఛారియట్ (రథం) పడగానే "అదిగో వేగం" అని సంబరపడేవాళ్లు చాలామంది. దాని రాశి కర్కాటకం, అంటే నీరు. (బొమ్మలోనూ రథం కదలట్లేదు. స్ఫింక్స్‌లు కూర్చునే ఉన్నాయి, పగ్గాలూ లేవు.)

పాతపేక
మూడు కార్డుల వరుసలో మధ్యదే ప్రధానం, పక్కవి దాని బలాబలాలు చెబుతాయి. అసలు నియమం ఇది. మీరు దాన్ని తలకిందులు చేసి మూడోదానికి తీర్పరి పదవి ఇచ్చారు.

తులాధనుస్సు
నిజమే, అది మూల నియమం కాదు, దాని మీద కట్టుకున్న వాడుక. అందుకే మూడోదాన్ని మధ్యలో కాకుండా రెండింటికీ కింద పెట్టాలి. మధ్యలో పెడితే ప్రశ్నే మారిపోతుంది.

ఎనిమిదికర్రలు
సరే, ఫోర్ తలకిందులుగా పడి ఉంటే? అప్పుడైనా "లేచి కదలండి" అనొచ్చు కదా?

పాతపేక
చాలామంది అలాగే అంటారు. వెయిట్ మాత్రం రివర్స్డ్‌కి జాగ్రత్త, పొదుపు, తెలివైన నిర్వహణ అని ఇచ్చాడు. ఎయిట్ పక్కన అలా పడితే నేను "వెళ్లండి" అనను. వచ్చిపడే పనుల్లో దేనికి ఎంత సమయం ఇవ్వాలో ముందే లెక్క వేసుకోమంటాను.