డెబ్రిస్ అంటే అన్నిచోట్లా శిథిలాలేనా?

ప్రశ్న: 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలిన ఘటనపై ఇంగ్లిష్ రిపోర్టు ఒకటి తెలుగు చేస్తున్నాను. 'డెబ్రిస్' అని ఉన్న ప్రతిచోటా 'శిథిలాలు' అని పెట్టేయొచ్చా? అసలు దాన్ని ఎలా పలకాలి?

జవాబు: పలకడం 'డెబ్రీ' అండీ. ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, చివరి ఎస్ నోట రాదు. బ్రిటిష్ వాళ్లు ముందు భాగాన్ని నొక్కుతారు, అమెరికన్లు చివరి 'బ్రీ'ని నొక్కుతారు. మనవాళ్లలో డెబ్రిస్ అనేవాళ్లే ఎక్కువ, అర్థం కాకపోదు. ఇంగ్లిష్ పరీక్షలో మాత్రం డెబ్రీ అనండి.

ఇక అనువాదం. శిథిలాలు అనగానే కూలిన భవనమో, పాడుబడ్డ కోటో మనసులోకి వస్తుంది. దోమలపెంట దగ్గర ఈ సొరంగంలో పేరుకున్నది మట్టి, బురద, రాళ్లు, సొరంగం తవ్వే బోరింగ్ మెషిన్ ముక్కలు. అందుకని మాటకు మాట వెతక్కుండా, కుప్పలో ఏముందో అది రాయండి: 'బురద, రాళ్లు తోడుతున్నారు', 'మెషిన్ శకలాలను కోసి బయటికి తెస్తున్నారు'. 2024 జులైలో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డప్పుడూ ఇంతే. ఊళ్ల మీదికి కొట్టుకొచ్చిన బండరాళ్లను, చెట్లను శిథిలాలంటే అతకదు. కూలిన ఇళ్లకైతే ఆ మాట సరిపోతుంది.

జవాబు: పై జవాబుకు కొనసాగింపు. డెబ్రీకి దగ్గరి మాటలతోనే అసలు చిక్కు. 'రబుల్' రాయి, ఇటుక, కాంక్రీటు ముక్కలకే. భూకంపంలో కూలిన ఇంటికి అది సరిపోతుంది, కూలిన విమానానికి పనికిరాదు. విమానం, ఓడ, రైలు లాంటివాటికి 'రెకేజ్' (మొదటి డబ్ల్యూ పలకరు), తెలుగులో శకలాలు. హంపిలా ఇంకా నిలబడి ఉన్నవి 'రూయిన్స్'. డెబ్రీ వీటన్నిటికంటే వదులైన మాట, విరిగి చెల్లాచెదురుగా పడింది ఏదైనా అందులోకి వస్తుంది. 'రిమెయిన్స్' దగ్గర మాత్రం జాగ్రత్త. ప్రమాద వార్తలో 'హ్యూమన్ రిమెయిన్స్' అంటే మృతదేహాల అవశేషాలు. దాన్ని శకలాలు అని రాస్తే చదివేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది.

డెబ్రిస్, రబుల్ రెండూ పక్కపక్కనే వస్తే? 2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిబంధనల్లో నిర్వచనమే అలా ఉంది: బిల్డింగ్ మెటీరియల్స్, డెబ్రిస్ అండ్ రబుల్. రెండింటికీ శిథిలాలు అంటే ఒకే మాట రెండుసార్లు రాసినట్టే. 'కట్టుబడి సామగ్రి, కూల్చివేత తుక్కు, రాళ్లురప్పలు' అంటే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: 'మెనీ డెబ్రిస్ వర్ ఫౌండ్' అని రాశాను, తప్పన్నారు. తెలుగులో శకలాలు బహువచనమేగా?

జవాబు: సరిగ్గా అందువల్లే ఈ తప్పు పడుతుంది. చివర ఎస్ కనిపించడం ఇంకో కారణం. ఇంగ్లిష్‌లో ఇది ఇసుక, చెత్త లాగా లెక్కపెట్టని నామం. 'ఎ డెబ్రిస్' లేదు, 'డెబ్రిసెస్' లేదు, క్రియ ఏకవచనమే: 'డెబ్రిస్ వాజ్ ఫౌండ్'. లెక్క చెప్పాలంటే 'త్రీ పీసెస్ ఆఫ్ డెబ్రిస్ వర్ ఫౌండ్'. మెనీ బదులు 'ఎ లాట్ ఆఫ్'. రబుల్, రెకేజ్‌లకూ ఇదే పద్ధతి. 'రెక్' మాత్రం లెక్కకొస్తుంది: టూ రెక్స్ అంటే మునిగిన రెండు ఓడలు.

ప్రశ్న: మరి 'స్పేస్ డెబ్రిస్'?

జవాబు: అంతరిక్ష వ్యర్థాలు. శకలాలంటే అర్థం కుంచించుకుపోతుంది. పనిచేయడం మానేసినా చెక్కుచెదరని ఉపగ్రహాలు, వాడి వదిలేసిన రాకెట్ దశలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మీరు పెట్టిన ముసాయిదాలో 'శిధిలాలు' అని ధ-తో ఉంది, థ ఉండాలి. ఫైల్ మొత్తం వెతికి ఒకేసారి మార్చేయండి.