కాలేజీ లైబ్రరీ పుస్తకాలకు కొటేషన్లు పిలవడం సబబేనా?

పాత బీరువా (గుంటూరు)

గుంటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్ని. పద్నాలుగేళ్లుగా ఇదే కుర్చీ. ఈసారి మా దగ్గర జరిగింది చెప్తాను, మీరేమంటారో చూద్దాం.

జూన్‌లో డిపార్ట్‌మెంట్ల నుంచి ఇండెంట్లు, అంటే వాళ్లకి కావలసిన పుస్తకాల జాబితాలు, తెప్పించుకుని 42 టైటిళ్ల జాబితా చేశాను. మామూలు పద్ధతిలోనే మూడు షాపుల నుంచి సీల్డ్ కొటేషన్లు పిలిచాం. ఒకరు 20 శాతం డిస్కౌంట్ అన్నారు, ఒకరు 22, ఇంకొకరు 32. ఇంకేముంది, మూడు రేట్లూ పక్కపక్కన పెట్టి కంపారిటివ్ స్టేట్‌మెంట్ వేసి 32 ఇచ్చినాయనకి ఆర్డరిచ్చేశాం. ఫోన్లు చేయగా చేయగా సెప్టెంబరుకి వచ్చినవి 27. అందులో ఆరు పాత ఎడిషన్లు. మిగిలిన 15కి లెటర్‌హెడ్ మీద ‘నాట్ అవైలబుల్’ అని ఒక్క ముక్క. వాటిలో కనీసం పది ఆన్‌లైన్‌లో కనిపిస్తూనే ఉన్నాయి, నేనే చూశాను.

తమాషా ఏంటంటే, రానివన్నీ పిల్లలు రోజూ వచ్చి అడిగేవే. స్టాటిస్టిక్స్, డేటా సైన్స్, మైక్రోబయాలజీ. మిగిలిన డబ్బుకి వేరేవి తీసుకోమని సప్లయరే ఒక లిస్టు పంపించాడు. తెరిచి చూస్తే మూడొంతులు పోటీ పరీక్షల గైడ్లు.

బెంచీలకీ బీరువాలకీ కొటేషన్ పిలవండి, నాకేం అభ్యంతరం లేదు. పుస్తకం ధర అట్ట మీదే అచ్చేసి ఉంటుంది. ఇక పోటీ అంతా డిస్కౌంట్ దగ్గరే. చివరికి మా లైబ్రరీకి ఏ పుస్తకం రావాలో లెక్చరర్ కాదు, ఆ శాతమే తేలుస్తోంది. కాదంటారా?

లెక్కల గది (విజయవాడ)

కాదనే అంటాను. ఒక ఇంజనీరింగ్ కాలేజీ అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను.

నేను చేరకముందు మా దగ్గర కొటేషన్లు లేవు. లైబ్రేరియన్ గారు చెప్పిన షాపులోనే మూడేళ్లు కొన్నారు. డిస్కౌంట్ 5 శాతం. తర్వాత తేలిందేంటంటే ఆ షాపు ఆయన బావమరిదిది. పుస్తకాలు మంచివే, అది వేరే సంగతి. ఆడిట్‌లో ఆ ఫైలు పట్టుకుని మా మేనేజర్‌ని రెండు రోజులు కూర్చోబెట్టారు. మీరు నిజాయితీపరులే కావచ్చు సార్, కానీ ఫైలుకి మీ ముఖం తెలియదు. దానికి కాగితం కావాలి.

అసలు మీ ఆర్డర్‌లో ‘లేటెస్ట్ ఎడిషన్ మాత్రమే’ అని రాశారా? గడువు పెట్టారా? 15 టైటిళ్లు ఎగ్గొడితే ఏం చేస్తామో రాశారా? రాయకపోతే తప్పు కొటేషన్‌ది కాదు.

ఏలూరు రోడ్డు

నేను అవతలి ఒడ్డున ఉన్నవాణ్ణి. బెజవాడలో పుస్తకాల సప్లయి, మా నాన్నగారి కాలం నుంచి. మీ 42 టైటిళ్ల కథలో 22 శాతం ఇచ్చి ఓడిపోయేవాణ్ణి సాధారణంగా నేనే అవుతాను, అందుకని నాలుగు ముక్కలు.

పేరున్న సైన్స్, ఇంజనీరింగ్ పబ్లిషర్లు నాకిచ్చేది పాతిక శాతం చుట్టూ. కొన్ని విదేశీ టైటిళ్లకి అంత కూడా రాదు. అందులోంచి లారీ ఖర్చు, షాపు అద్దె, కుర్రాడి జీతం. మరి 32 ఎలా ఇస్తారు? గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు, కొన్ని చిన్న ప్రచురణల మీద మాకు 45, 50 దాకా వస్తుంది. కొటేషన్ అన్నిటికీ కలిపి ఒకే శాతం అడుగుతుంది కాబట్టి 32 అని రాసేసి, నష్టం వచ్చేవాటిని ‘లేదు’ అంటారు, లాభం వచ్చేవాటిని పంపుతారు. మోసమనండి, ఇంకేమైనా అనండి. లెక్క మాత్రం ఇదే.

ఇంకోటి. ఒక కాలేజీకి మార్చిలో ఇచ్చిన బిల్లుకి డబ్బు నాకు డిసెంబరులో వచ్చింది. పబ్లిషర్ నాకిచ్చే గడువు 60 రోజులు. మధ్యలో వడ్డీ ఎవరు కడుతున్నట్టు? లెక్కల గది గారూ, మాకు గడువు పెట్టాలంటున్నారు. బిల్లు ఆలస్యమైతే మాకు వడ్డీ ఇస్తామని కూడా అదే ఆర్డర్‌లో రాస్తారా?

ఫిజిక్స్ మేడమ్

రెండు వైపులా వింటుంటే నవ్వొస్తోంది. మా పాపం కూడా కొంత ఉంది, నేనే ఒప్పుకుంటాను. ఇండెంట్ ఫారం వచ్చాక మాలో చాలామంది పోయినేడాది జాబితానే తేదీ మార్చి పంపుతారు. ఎడిషన్, ఐఎస్‌బీఎన్ (ఒక్కో ఎడిషన్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) రాసేవాళ్లు అరుదు. రచయిత ఇంటిపేరు రాసి ఊరుకుంటే పాత ఎడిషన్ రాక ఏమొస్తుంది?

సిలబస్ సంగతి కూడా చూడండి. డిగ్రీలో 2020-21లో ఒకసారి మారింది, 2023-24 నుంచి సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి, వచ్చింది. ఇంజనీరింగ్ వాళ్లకి ఆర్19, ఆర్20, ఆర్23 అని వరసగా కొత్త సిలబస్‌లు. పేపర్ పేరు మారగానే పుస్తకమూ మార్చాలంటారు. లోపల సగం చాప్టర్లు అవే. ఒక్కో టైటిల్ ఇరవై కాపీలు కొని రెండేళ్లకి మూలన పడేయడం కంటే ఐదు కాపీలు కొని, మిగతా డబ్బుతో ఆన్‌లైన్ చందాలు కట్టుకోవచ్చుగా?

పాత బీరువా (గుంటూరు)

మేడమ్, ఐఎస్‌బీఎన్ మాట ఒప్పుకుంటున్నా. వచ్చే ఏడాది ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే వెనక్కి పంపేస్తా.

చందాల దగ్గరే చిక్కు. దేశమంతటికీ ఒకే చందాతో జర్నళ్లు (పరిశోధన పత్రికలు) అందించే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’కి కేంద్రం 2024 నవంబరులో మూడేళ్లకి 6,000 కోట్లు ఇచ్చింది. 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్లు. పేపర్లో చదివి నేనూ సంబరపడ్డాను. తీరా చూస్తే మొదటి దశ ప్రభుత్వ సంస్థలకే, మాలాంటి ప్రైవేటు కాలేజీలు గుమ్మం బయటే. యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లు కాలేజీలకి ఈ-జర్నళ్లు, ఈ-బుక్కులు అందించే ఎన్-లిస్ట్ ఉంది, మంచిదే. కానీ యూజీసీ చట్టం 12(బి), 2(ఎఫ్) సెక్షన్ల కింద గుర్తింపు లేని కాలేజీకి ఫీజు ఎక్కువ. ఆ గీతకి ఇవతల ఉన్నది మేమే. పైగా మా పిల్లలు చదివేది జర్నళ్లు కాదు, టెక్స్ట్‌బుక్కులు. వాటి ఈ-బుక్కు కొందామంటే అచ్చు పుస్తకానికి లేని జీఎస్టీ దీనికి కట్టాలి.

నేరుగా ఆన్‌లైన్‌లో పుస్తకాలే తెప్పించా, పోయినేడాది. కాలేజీకి కార్డు లేదు, అడ్వాన్సు ఇవ్వరు. ప్రిన్సిపల్ గారు సొంత కార్డుతో నాలుగు పుస్తకాలు కొన్నారు. ఆ డబ్బు ఆయన చేతికి రావడానికి ఐదు నెలలు పట్టింది. ఇప్పుడాయన దగ్గర ఆన్‌లైన్ అన్న మాట ఎత్తడానికే భయం.

ఎమ్మెస్సీ ఫైనల్ ఇయర్

మధ్యలో దూరుతున్నందుకు సారీ సార్. నాకు కావలసిన మ్యాథ్స్ పుస్తకం మా లైబ్రరీలో ఒకే కాపీ. అది రిఫరెన్సు, ఇంటికివ్వరు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులో అదే 140కి దొరికింది, రెండు పేజీల్లో ఎవరిదో ప్రేమలేఖ చిత్తుప్రతి తప్ప బాగానే ఉంది. కొత్తది 795. లైబ్రరీ వాళ్లు అక్కడ ఎందుకు కొనరు? కనీసం జనవరిలో బుక్ ఫెస్టివల్‌కి వచ్చి చూసి కొనొచ్చుగా?

లెక్కల గది (విజయవాడ)

తమ్ముడూ, లెనిన్ సెంటర్‌లో బిల్లు ఎవరిస్తారు? తెల్లకాగితం మీద ‘140 ముట్టింది’ అని రాసిస్తే నేనేం చేసుకోను? బుక్ ఫెస్టివల్‌లో బిల్లుంటుంది, కాదనను. కానీ అక్కడ మామూలుగా ఇచ్చేది పది శాతం. ఫైలులో పక్కనే 22 శాతం కొటేషన్ ఉంటే ఈ పది శాతాన్ని నేను ఏ నోటితో సమర్థించను?

రిటైర్డ్ లైబ్రేరియన్

ముప్పై ఏళ్లు ఈ గొడవలోనే గడిపాను కాబట్టి ఒక సంగతి గుర్తు చేస్తాను. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలు ఉన్నాయి, జీఎఫ్ఆర్ 2017. అందులో 143వ నిబంధన ‘గూడ్స్’ అంటే ఏమిటో చెప్తూ, లైబ్రరీకి కొనే పుస్తకాలు, పత్రికలు అందులోకి రావని తేల్చేసింది. బల్లలు, కాగితం రీములు కొన్నట్టు పుస్తకాలు కొనక్కర్లేదని అంత పెద్ద ఖజానాయే ఒప్పుకుంది. మీవి ప్రైవేటు యాజమాన్యాలు, ఆ రూలు మీకు వర్తించదు, నిజమే. కానీ ‘ఆడిట్ ఒప్పుకోదు’ అనే ముందు ఆ పేజీ తీసి మీ ఆడిటర్‌కి చూపించారా?

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరండీ విజయవాడ. ఊరూరా చందాలెత్తి పుస్తకాలు కొన్నారు ఆ రోజుల్లో. వాళ్లు ఎల్1 (అందరికంటే తక్కువ రేటు ఇచ్చినవాడు) చూసుకుని ఉంటే మనకి మిగిలేవి పంచాంగాలే.

లెక్కల గది (విజయవాడ)

చివరి మాట కొంచెం ఎక్కువైంది సార్. అయినా ఆ 143 సంగతి నాకు తెలియదు, చదువుతాను.

నేనూ కాస్త దిగొస్తా. మొత్తానికి ఒకే శాతం అడగడం తప్పని ఏలూరు రోడ్డు గారి లెక్క చూశాక అర్థమైంది. ఏడాది మొదట్లో ముగ్గురు సప్లయర్లని ఎంపిక చేసుకుని, పబ్లిషర్ వారీగా డిస్కౌంట్ రాయించుకుంటే? విదేశీ టైటిళ్లకి ఇంత, ఇండియన్ ఎడిషన్లకి ఇంత, గైడ్లకి ఇంత. ఆర్డర్ మాత్రం ఆ పుస్తకం ముందు ఎవరు తేగలిగితే వాళ్లకి. నాకు ఫైలు దొరుకుతుంది, మీకు పుస్తకం దొరుకుతుంది. బావమరిది వచ్చినా ఆ రేటుకే ఇవ్వాలి.

ఏలూరు రోడ్డు

అలా అడిగితే నేను నిజం రేటే రాస్తాను. 60 రోజుల్లో బిల్లు డబ్బు ఇస్తామంటే ఇంకో రెండు శాతం కలుపుతాను, రాసిస్తా.

పాత బీరువా గారూ, ఆ ఆరు పాత ఎడిషన్లు ఇంకా మీ దగ్గరే ఉన్నాయా? ఇన్‌వాయిస్ మీద ఎడిషన్ తప్పుంటే సప్లయర్ వెనక్కి తీసుకోవాల్సిందే. నేనైతే తీసుకుంటాను.

పాత బీరువా (గుంటూరు)

పబ్లిషర్ వారీ పద్ధతి బాగుంది. లైబ్రరీ కమిటీ మీటింగ్ వచ్చే వారం, 143 కాగితం కూడా పట్టుకెళ్తాను.

ఆ ఆరింటి సంగతి అడక్కండి. కట్ట రాగానే మా అటెండర్ ఉత్సాహంగా అన్నిటికీ స్టాంపు కొట్టి, అక్సెషన్ నంబర్లు (లైబ్రరీ రిజిస్టరు నంబర్లు) వేసేశాడు. నేను ఎడిషన్ చూసింది ఆ తర్వాత.