తొలి వ్యక్తిగత స్వర్ణం బింద్రాదా, పేట్కర్‌దా?

గ్రూప్స్ గోల:
నిన్న మాక్ టెస్టులో ఒక బిట్. ‘దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం ఎవరు తెచ్చారు?’ అభినవ్ బింద్రా, 2008 అని పెట్టా, మార్కు పడింది. పక్కవాడు మురళీకాంత్ పేట్కర్, 1972 అని పెట్టి మార్కు పోగొట్టుకుని సార్‌తో గంటసేపు గొడవ. ఎవరు కరెక్టండీ?

కాకినాడ కాజా:
కీ కరెక్టే. ప్రశ్నలోనే ఒలింపిక్ అని ఉందిగా. పేట్కర్ గెలిచింది ఆ ఏడాది ఒలింపిక్స్ జరిగిన మ్యూనిక్‌లో కాదు, వికలాంగుల క్రీడలు జరిగిన హైడెల్‌బర్గ్‌లో. అప్పటికి వాటికి పారాలింపిక్స్ అన్న పేరు కూడా అధికారికంగా లేదు, స్టోక్ మాండెవిల్ క్రీడలు అనేవారు.

ఓరుగల్లు పిలగాడు:
పేరు తర్వాత పెట్టిండ్రని పతకం ఎట్ల పోతదన్నా? 1960 రోమ్ నుంచి అన్నీ పారాలింపిక్స్ లెక్కలనే ఉన్నయ్. మ్యూనిక్‌ల జాగ ఇయ్యకపోతే పేట్కర్ ఏం జేస్తడు?

మాజీ ఫౌజీ:
ఆయన్ని ఈతగాడు అంటుంటే నాకు నవ్వొస్తుంది బాబూ. అసలు బాక్సరు. ఆర్మీలో ఈఎంఈ, అంటే సైన్యం యంత్రాలు, వాహనాలు చూసుకునే దళం, మన సికింద్రాబాద్‌లో కాలేజీ ఉంది. 1965 యుద్ధంలో తూటాలు దిగి నడుం కింద చచ్చుబడింది. ఈత ఆయన ఎంచుకున్న ఆట కాదు, ఆసుపత్రిలో వైద్యంగా చెప్పింది. 1968 టెల్ అవీవ్‌కు టేబుల్ టెన్నిస్ ఆడటానికి వెళ్లాడు. నాలుగేళ్లకు 50 మీటర్ల ఫ్రీస్టైల్ 37.33 సెకన్లలో ఈది, తన వైకల్య విభాగంలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం కొట్టాడు. అక్కడే జావెలిన్‌లో, వీల్‌చైర్‌ను అడ్డంకుల మధ్య నడిపే స్లాలమ్‌లో కూడా దిగాడు. కాళ్లు ఆడని మనిషి!

కాకినాడ కాజా:
గౌరవం వేరు, లెక్క వేరు మాస్టారూ. ఆ రోజుల్లో విభాగాలు బోలెడు, ఒక్కో దాంట్లో పోటీకి దిగేవాళ్లు తక్కువ. పైగా ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండూ కలిపేస్తే 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో జావెలిన్ స్వర్ణం తెచ్చిన ఝఝారియా కూడా బింద్రా ముందుకొస్తాడు.

ఓరుగల్లు పిలగాడు:
రానీయ్! బింద్రా మూడోవాడైతే ఆయనకేం నష్టం?
నాకు కడుపు మండేది వేరే. పేట్కర్ 1982ల అర్జున అడిగితే ఇయ్యలే. పద్మశ్రీ 2018ల. జీవిత సాఫల్య అర్జున 2025 జనవరిల, ఎనభై ఏండ్లకు, అదీ ఆయన కథ హిందీ సినిమాగా వచ్చినంక. అదే జాబితాల మా కల్లెడ పిల్ల దీప్తి జీవాంజి ఉంది. పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం తెచ్చిన నాలుగు నెలలకే అర్జున వచ్చింది. ఆయనకు 52 ఏండ్లు పట్టింది.

మాజీ ఫౌజీ:
అదీ మాట.

కాకినాడ కాజా:
అవార్డు విషయంలో నేను మీవైపే. బిట్ విషయంలో కాదు.

గ్రూప్స్ గోల:
మరి రేపు పరీక్షలో ఏది పెట్టమంటారు?

ఓరుగల్లు పిలగాడు:
ఒలింపిక్ అనుంటే బింద్రా, పారా అనుంటే పేట్కర్. ఏదీ లేకుండ ఉత్త ‘దేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం’ అనుంటే కీ మీద అబ్జెక్షన్ పెట్టు తమ్మీ, ఫీజు నేను కడ్త.