పొలంలో సెన్సర్లు, డ్రోన్ మ్యాపులు ఉన్నాయి, పంటల బీమాకి ఇవి పనికొస్తాయా?

తెనాలి_కుర్రాడు:
నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, సాగంతా నాన్నగారిదే. తెనాలి దగ్గర సొంతం నాలుగెకరాలు, కౌలు రెండు, అంతా వరే. పోయినేడాది పొలంలో చిన్న వెదర్ స్టేషన్ ఒకటి, తేమ చెప్పే సెన్సర్లు రెండు పెట్టించాను, డ్రోన్‌తో మూడుసార్లు ఫొటోలు కూడా తీయించాను. ఏ రోజు ఎంత వాన పడింది, నీళ్లు ఎన్ని గంటలు నిలిచాయి, ఏ మడిలో పైరు పాలిపోయింది, అన్నీ తేదీలతో ఉన్నాయి. తీరా వానలకి కింది మడులు దెబ్బతిన్నాయని చెబితే, చూడటానికి వచ్చినాయన నా ఫోన్ వైపు కూడా చూడకుండా "ఊరి సగటు వస్తుంది బాబూ" అనేసి వెళ్లిపోయాడు. ఇంకోటి, సొంత పొలం ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో 3.80 ఎకరాలని ఉంది, డ్రోన్ మ్యాప్ 4.12 అంటోంది. ఈ డేటా ఎవరికి చూపించాలి? ఊరికే డబ్బులు తగలేశానా?

గట్టుమీద_కబుర్లు:
తమ్ముడూ, ఆయన చెప్పింది నిజమే, చెప్పిన తీరే బాలేదు. కేంద్రం పెట్టిన పంటల బీమా పథకం ఫసల్ బీమాలో వరికి లెక్క నీ పొలానికి కాదు, ఊరికి. ఊళ్లో కనీసం నాలుగు చోట్ల 5 మీటర్లకి 5 మీటర్లు కొలిచి కోసి తూకం వేస్తారు, వాటి సగటే నీ దిగుబడి. దాన్ని గత 7 ఏళ్లలో మంచి 5 ఏళ్ల సగటుతో, అందులోనూ 70, 80, 90 శాతాల్లో ఏది ఖరారైతే ఆ మేరకు, పోల్చి చూస్తారు. ఉదాహరణకి ఆ లెక్కన వచ్చే గీత ఎకరాకి 2,000 కిలోలు, ఊరి సగటు 1,800 అనుకో, తగ్గింది 10 శాతం, అంటే ఎకరాకి 40,000 బీమా ఉంటే వచ్చేది 4,000. నీ మడిలో గింజ రాలకపోయినా అంతే, 40 బస్తాలు పండినా అంతే. 2023 ఖరీఫ్ నుంచి వరికి యెస్‌టెక్ అని టెక్నాలజీ అంచనాకి కనీసం 30 శాతం వెయిటేజీ పెట్టారు గానీ అది వాళ్ల శాటిలైట్ లెక్క, నీ డ్రోన్‌ది కాదు.

పొలం లెక్కన చూసే సందర్భాలు కొన్నే. వడగళ్లు, మేఘ విస్ఫోటం, పిడుగుతో మంటలు, ఇంకా కోసి పనలు చేలో ఆరుతుండగా 14 రోజుల్లోపు తుపానో అకాల వర్షమో వస్తే. ఏదైనా 72 గంటల్లో 14447కి గానీ క్రాప్ ఇన్సూరెన్స్ యాప్‌లో గానీ చెప్పాలి. నీ డేటా విలువంతా ఆ మూడు రోజుల్లోనే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది, మా పనలు నీళ్లలో తేలుతుంటే నేను కరెంటు లేదని, ఫోన్లో చార్జింగ్ లేదని నాలుగో రోజు ఫోన్ చేశాను. ఆ తర్వాత ఎన్ని ఫొటోలు చూపించి ఏం లాభం. అన్నట్టు మిషన్‌తో కోయించి రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం దీని కిందకి రాదు, చాలామందికి తెలీదు.

ముంపు సంగతి వేరు. పొలం లెక్కన చూసేవాటిలోంచి 2018లో వరికి ముంపు తీసేశారు, 2026 ఖరీఫ్ నుంచి మళ్లీ చేరుస్తామని 2025 నవంబరులో కేంద్రం చెప్పింది. కాబట్టి నీళ్లు ఎన్ని గంటలు నిలిచాయన్న లెక్క మాత్రం పారెయ్యకు.

ఆర్ఎస్‌కే_ఉద్యోగి:
నేను రైతు సేవా కేంద్రంలో (ఆర్ఎస్‌కే) పనిచేస్తానండి. డ్రోన్ మ్యాప్‌లో గట్లు, బోదెలు కూడా కలిసిపోతాయండి, 32 సెంట్ల తేడా చాలావరకు అదే అయ్యుంటుంది. సర్వే నంబరు వారీగా విడగొట్టి చూడండి. నిజంగానే తక్కువ పడితే ఈ-క్రాప్ జాబితా సోషల్ ఆడిట్‌కి, అంటే ఊళ్లో అభ్యంతరాలు చెప్పడానికి పెట్టినప్పుడే మ్యాప్ పట్టుకుని రండి, పంట పోయాక వస్తే మా చేతుల్లో ఏమీ ఉండదు. ఆ 32 సెంట్ల కంటే ముందు చూడాల్సింది కౌలు రెండెకరాలు. అవి ఎవరి పేరున నమోదయ్యాయి? భూ యజమాని పేరునుంటే డబ్బు ఆయన ఖాతాకే పోతుంది.

మొక్కజొన్న_మావ:
నేను అమెరికాలో అయోవాలో ఇలాంటి సాఫ్ట్‌వేరే రాస్తాను. ఇక్కడ రైతు తన సొంత పొలంలో 4 నుంచి 10 ఏళ్లు పండించిన సగటు మీదే బీమా తీసుకోవచ్చు, అందుకే విత్తనం వేసే మిషన్ (ప్లాంటర్) జీపీఎస్ లెక్కలు, హార్వెస్టర్ దిగుబడి మీటర్ లెక్కలు బీమాకి పనికొస్తాయి. మొక్కజొన్న విస్తీర్ణం జులై 15 లోపు చెప్పాలి. అయితే మీటర్‌ని తూకంతో సరిచూసినట్టు రికార్డు ఉండాలి, రంగురంగుల మ్యాపు చూపిస్తే చాలదు. మీ సెన్సర్లని ఎప్పుడైనా సరిచూశారా?

ఖమ్మం_మిర్చి:
మీరు సెంట్ల దగ్గర కొట్టుకుంటున్నారు, మా రాష్ట్రం 2020లో ఆ పథకంలోంచే బయటికి వచ్చేసింది :)

తెనాలి_కుర్రాడు:
సరిచూడలేదు, కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఇప్పుడే నాన్నగారికి ఫోన్ చేశాను. కౌలు రెండెకరాలు ఆసామి పేరు మీదే ఉన్నాయట. "కౌలుదారుకిచ్చే సాగుదారు కార్డుకి సంతకం పెట్టమంటే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి ఇస్తాడేమోనని అడగలేదురా" అన్నారు. ఆ రెండు సెన్సర్లూ ఆ మడుల్లోనే ఉన్నాయి.