ఇన్వరూరీ అనుకుని ఇన్వర్‌కీథింగ్ టికెట్టు కొన్నాను

నమస్కారం. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ వచ్చి మూడు వారాలైంది. నిన్న ఇన్వరూరీలో అద్దె ఇల్లు చూడడానికి బయలుదేరి, ఫోనులో ఇన్వర్‌కీథింగ్‌కు టికెట్టు కొన్నాను. అది దక్షిణాన ఫోర్త్ వంతెన దగ్గర ఉందని రైలెక్కాక తెలిసింది! ఈ పేర్లు గుర్తుపెట్టుకునే దారి ఏదైనా ఉందా?

—

తమ్ముడూ, పేరులో మొదటి ముక్కను విడదీసి చూడు. ఇక్కడి పాత భాష గేలిక్‌లో ‘ఇన్వర్’ అంటే నది వెళ్లి కలిసే చోటు. సముద్రంలో కలిసినా సరే, మరో నదిలో కలిసినా సరే. ఇన్వర్నెస్‌లో నెస్ నది సముద్రాన్ని చేరుతుంది. ఇన్వరూరీలో ఊరీ నది డాన్ నదిలో కలుస్తుంది. నువ్వుంటున్న అబర్డీన్‌లో ‘అబర్’కూ అదే అర్థం, కాకపోతే అది గేలిక్ కంటే ముందు ఇక్కడ ఉన్న పిక్టులు అనే పాతకాలపు జనం మాట. పక్కనే డీ నది ఉందని పొరబడకు, ఆ పేరు డాన్ నదిది.

ఇల్లు చూస్తున్నావు కాబట్టి ఇది ఉత్త భాషా పాండిత్యం కాదు. 2016 జనవరిలో డాన్ పొంగి ఇన్వరూరీలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. స్కాట్లాండ్ పర్యావరణ సంస్థ వరద పటాల్లో ఆ వీధి ఎక్కడుందో చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వు.

పిట్లోక్రీ, పిటెన్‌వీమ్‌లలో ‘పిట్’ గొయ్యి కాదు, భూమిలో ఒక వాటా. ఇదీ పిక్టులదే. ‘స్ట్రాత్’ వెడల్పాటి లోయ, ‘గ్లెన్’ ఇరుకు లోయ. చలికాలంలో కారు తీస్తే ఆ తేడా నీకే తెలుస్తుంది.

—

అన్నయ్యగారు ‘కర్క్’ సంగతి వదిలేశారు. అది చర్చి అని అందరూ చెబుతారు, అన్నిచోట్లా నమ్మకండి. కర్కాల్డీ, కర్కింటిలాక్ పేర్లలో మొదట ఉన్నది ‘కేర్’, అంటే కోట. ఓర్క్నీలోని కర్క్‌వాల్‌లో మాత్రం నిజంగానే చర్చి ఉంది, కానీ ‘వాల్’ గోడ కాదు, వైకింగుల నార్స్ భాషలో అఖాతం. 1468 దాకా ఆ దీవులు నార్వే ఏలుబడిలో ఉండేవి మరి. ఇంకో మాట, కర్కాల్డీని ‘కర్కాడీ’ అని పలకాలి. గ్లాస్గో పక్కన మిల్న్‌గావీ అని రాసి ఉంటే ‘మల్‌గై’ అనండి, లేకపోతే బస్సు డ్రైవరు తెల్లబోతాడు.

—

ఇద్దరికీ ధన్యవాదాలు. వచ్చే శనివారం మిత్రులు డండీ నగరంలోని ‘డండీ లా’కు రమ్మన్నారు. అది న్యాయ కళాశాలా?

—

కాదు తమ్ముడూ, ‘లా’ అంటే గుట్ట! కొందరు ‘లా హిల్’ అని కూడా అంటారు, అంటే ‘గుట్ట గుట్ట’ అన్నమాట. పైకెక్కితే టే నది, దాని మీద రైలు వంతెన కనిపిస్తాయి. గాలి ఎక్కువ, టోపీ మరిచిపోకు.