మిడిల్స్‌బ్రోలో నెలకు ఎంత పెట్టుకోవాలి?

ప్రశ్న:
తమ్ముడు సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బ్రోలో ఉన్న టీసైడ్ యూనివర్సిటీకి మాస్టర్స్ చదవడానికి వెళ్తున్నాడు. వీసాకి నెలకు 1,171 చొప్పున 9 నెలలకు 10,539 పౌండ్లు చూపించాం. నిజంగా అంత అవుతుందా? రూమ్ వారానికి 95, అంటే నెలకు 380 అని ఏజెంట్ చెప్తున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు 1:
నెలంటే నాలుగు వారాలు కాదండీ. 95ని 52తో గుణించి 12తో భాగిస్తే 412 వస్తుంది. 32 పౌండ్ల తేడా అంటే ఒక మనిషికి వారం సరుకులు.

ఇంట్లో వండుకుంటే సరుకులకు 120–140, సిమ్‌కి 10, చిల్లర ఖర్చులకు 50 పెట్టుకోండి. మొత్తం 600 దగ్గర ఆగుతుంది. క్యాంపస్ ఊరి నడిబొడ్డునే ఉంది కాబట్టి దగ్గర్లో దిగితే బస్సు ఖర్చుండదు.

స్టూడెంట్ హాస్టల్‌లో రూమైతే కాంట్రాక్ట్ ఎన్ని వారాలో తప్పకుండా చూడండి. 44 వారాలదైతే జులైలోనే అయిపోతుంది, డిసర్టేషన్ (కోర్సు చివర రాసే పెద్ద ప్రాజెక్ట్) మాత్రం ఇంకా నడుస్తుంటుంది. ఇంటి మొత్తానికీ ఒకటే జాయింట్ కాంట్రాక్ట్ అయితే, ఒకరు మధ్యలో వెళ్ళిపోయినా వాళ్ళ వాటా మిగతావాళ్ళ నెత్తినే పడుతుంది. రూముకి విడి కాంట్రాక్టే తీసుకోండి. కరెంటు, గ్యాస్ బిల్స్ అద్దెలో కలిపే అన్నా, ఎంత వాడకం వరకో రాయించుకోండి.

జవాబు 2:
డిపాజిట్ 5 వారాల అద్దె, అంటే 475 దాటకూడదు. ఓనర్ దాన్ని 30 రోజుల్లో ప్రభుత్వ గుర్తింపున్న డిపాజిట్ రక్షణ స్కీమ్‌లో పెట్టాలి. ఇల్లు చూడకుండా ఇండియా నుంచి డబ్బు పంపొద్దు.

మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటికి ఊరి కౌన్సిల్ వేసే పన్ను) దగ్గర. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లయితేనే పూర్తి మినహాయింపు. కోర్సు అయిపోయి గ్రాడ్యుయేట్ వీసాకి (చదువయ్యాక ఉండి పనిచేసుకునే వీసా) మారిన సీనియర్ ఒక్కరున్నా ఇంటికి బిల్లు మొదలవుతుంది, తగ్గేది 25 శాతమే. చేరేముందే ఇంట్లో ఎవరెవరున్నారో అడగండి. యూనివర్సిటీ ఇచ్చే లెటర్ కౌన్సిల్‌కి పంపాలి.

జవాబు 3:
చలికాలం సంగతి కూడా చెప్పండి. గ్యాస్ మిగులుతుందని హీటింగ్ పూర్తిగా ఆపేసి, గదిలోనే తడిబట్టలు ఆరేసి, మూత పెట్టకుండా అన్నం వండితే ఆ ఆవిరంతా చల్లటి కిటికీ అద్దం మీద నీళ్ళై కారుతుంది. కొన్ని వారాల్లో ఫ్రేము మూలల్లో నల్లచుక్కలు మొదలవుతాయి. ఆ బూజుకి డిపాజిట్‌లో కోస్తారు. ఉదయం, సాయంత్రం 18 డిగ్రీలకు టైమర్ పెట్టి, రోజూ పది నిమిషాలు కిటికీ తెరిచి, అద్దం తుడిస్తే చాలు. చేరినరోజే మూలమూలా ఫొటోలు తీసుకోవాలి.

పార్ట్‌టైమ్ జీతాన్ని అద్దె లెక్కలో కలపకండి. స్టూడెంట్ వీసా మీద టర్మ్ (చదువు నడిచే కాలం)లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు, వారమంటే సోమవారం నుంచి ఆదివారం వరకు. ఈ వారం 24 చేసి వచ్చేవారం 16తో సరిపెడతామంటే వీసా నిబంధన తప్పినట్టే. మాస్టర్స్‌కి వేసవి డిసర్టేషన్ కాలం కూడా మామూలుగా టర్మ్ కిందికే వస్తుంది.